రెండు కర్రలతో కొండ దించడం

వచ్చినవాళ్ళని కనిగిరి చుట్టుపక్కల కొండలు ఎక్కించి దించడం నా పని. చిన్నప్పుడు కట్టెపుల్లల కోసం ఎక్కిన కొండలే పెద్దయ్యాక జీతానికి ఎక్కాను. పోయిన ఎండాకాలంతో మానేశాను. ఇప్పుడు ఈ పనిలోకి కుర్రాళ్ళు, అమ్మాయిలు కొత్తగా వస్తున్నారు. వాళ్ళ కోసం రాస్తున్నాను. అక్షరాలు నాకు నలభై దాటాక వచ్చాయి. చుట్టూ తిప్పి రాయడం చేతకాదు. తప్పయితే తప్పనే రాస్తాను.

జీతం ఎప్పుడు పెరిగింది, ఎవరు శాలువా కప్పారు అన్నవి మీకు పనికిరావు. కర్రల గురించి రాస్తాను. ట్రెక్కింగ్ పోల్స్ అంటారే, పొడుగు పెంచుకుని తగ్గించుకునే కర్రలు, అవి. కొందరు వాటిని ఫొటో కోసం పట్టుకుంటారు. కొందరు సిగ్గుపడి పట్టుకోరు. రెండు రకాల వాళ్ళనీ క్షేమంగా కిందికి తేవాల్సింది మనమే.

కోటయ్య గారు రెండో రకం. పెదకాకాని దగ్గర మిరప రైతు. వాళ్ళు కొండకి వచ్చే ముందురోజు ఆయన కూతురు లక్ష్మి నాకు ఫోన్ చేసింది.

"అక్కా, రేపు మా పిల్లాడి పుట్టువెంట్రుకలు తీయించడానికి కొండ మీది గుడికి వస్తున్నాం. మా నాన్న మోకాలు బాగాలేదు. ఇంకోసారి మెలిక పడితే ఆపరేషనే అన్నారు డాక్టరు గారు. అవతల మిరప కోత దగ్గరపడింది. ఈయన మంచాన పడితే చేను చూసే దిక్కు లేదు."

"అయితే కిందే కూర్చోబెట్టమ్మా."

"కూర్చుంటాడా? పిల్లాణ్ణి మేనమామ ఒళ్ళో పెట్టుకోవాలి కదా. నాకు అన్నదమ్ములు లేరు. ఆ చోట నేనే కూర్చుంటానని పట్టు పట్టాడు. నా మాట వినడు. నువ్వు ఎట్లాగైనా కర్ర పట్టించు."

ఎట్లాగైనా అంది. ఈ పనంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. కోటయ్య గారు కొండ మీదికి ఎట్లా వెళ్ళారు, కిందికి ఎట్లా వచ్చారు అనేది చెబుతాను. కాని కర్ర అంటే ఏమిటో తెలియకపోతే ఆ కథ మీకు ఉపయోగపడదు. ముందు కర్ర సంగతి.

కొనేటప్పుడు

పొడుగు సర్దే లాకులు రెండు రకాలు. ఒకటి తిప్పి బిగించేది. ఇంకోటి క్లిప్పు నొక్కేది. మన ప్రాంతానికి క్లిప్పు కర్రే కొనండి. ఎందుకో ఒక వానాకాలంలో చూశాను. కొండ మొదట్లోకి చేరాలంటే పత్తి చేల మధ్య నుంచి పోవాలి. ముందురోజు వాన పడింది. నల్లరేగడి సంగతి మీకు చెప్పక్కర్లేదు, చెప్పులే వదలదు. మా ఓనరు ప్రసాద్ గారు అప్పట్లో తిప్పే లాకు కర్రలు కొన్నారు. గుంటూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన మట్టిలో దిగిన కర్రని గట్టిగా లాగాడు. పైముక్క చేతిలోకి వచ్చింది, కిందిముక్క భూమిలోనే ఉండిపోయింది.

"నాగమ్మా, నా కర్ర నాటుకుందమ్మా. చిగురేస్తుందేమో చూడు," అన్నాడు.

అందరూ నవ్వారు. నేను మోచేతి దాకా బురదలో చెయ్యి పెట్టి ఆ ముక్క బయటికి తీశాను. అదే కొండ మీద ఊడి ఉంటే ఎవరూ నవ్వేవాళ్ళు కాదు. రేగడిలో నడిచేటప్పుడు మొన దగ్గర వెడల్పు బిళ్ళ తగిలించుకోవాలి. అప్పుడు కర్ర లోతుగా దిగదు. చాలామంది ఆ బిళ్ళలు అలంకారం అనుకుని ఇంట్లో పారేసి వస్తారు.

కార్బన్ కర్రలు తేలికగా ఉంటాయి. చేతిలో పట్టుకుంటే ముచ్చటేస్తుంది. కాని మన కొండలు రాళ్ళ కొండలు. రెండు రాళ్ళ సందులో మొన ఇరుక్కుని పక్కకి ఒత్తిడి పడితే కార్బన్ పుటుక్కున విరుగుతుంది. అల్యూమినియం వంగుతుంది. వంగిన కర్రతో ఇంటికి రావచ్చు. పిడి రబ్బరుది వద్దు. మన ఎండకి చెమట పట్టి అరచెయ్యి బొబ్బలెక్కుతుంది. బెండు పిడి గాని, మెత్తటి స్పాంజి పిడి గాని చూడండి.

షాపులోనే కర్రని మీ పొడుగుకి సర్ది, లాకు వేసి, ఒళ్ళంతా బరువు దాని మీద వెయ్యండి. షాపువాడు "అమ్మా, విరిగిపోద్ది" అన్నాడంటే ఆ కర్ర అక్కడే వదిలేసి రండి. మొహమాటపడి కొన్న కర్ర కొండ మీద మొహమాటపడదు.

నూనె రాసిన రోజు

ప్రసాద్ గారికి కోపం ఎక్కువ. ఆయన నోరు నాకు నచ్చేది కాదు. కాని ఆ మనిషి దగ్గర ఒకటి నేర్చుకున్నాను.

మా వ్యాను డ్రైవరు శీనయ్య. అంతకుముందు చేలకి తిరిగి ఆయిల్ ఇంజన్లు, మందు కొట్టే పంపులు బాగుచేసేవాడు. స్ప్రేయరు పంపు గొట్టంలో రాడ్డు బిగుసుకుంటే చుక్క నూనె వేస్తారు కదా. మా కర్రల గొట్టాలు కూడా బిగుసుకున్నాయని ఆయనకి అనిపించింది. ఎవరూ చెప్పకుండానే, మంచికే, అన్ని కర్రల కీళ్ళలోనూ నూనె వేసి నున్నగా తుడిచి పెట్టాడు.

కర్ర నిలబడేది గొట్టం గొట్టాన్ని పట్టుకోవడం వల్ల. నూనె తగిలితే ఇంకేం పట్టుకుంటుంది? కొండ మొదట్లో చిన్న గట్టు దిగుతూ ఒక టీచరమ్మ కర్ర మీద బరువు వేసింది. కర్ర సర్రున సగానికి దిగిపోయింది. ఆమె చతికిలబడింది. దెబ్బేమీ తగల్లేదు.

"ఎవడురా నూనె పూసింది?" అని ప్రసాద్ గారు అరిచారు.

"నేనేనండి. బాగా జారుతున్నాయి చూడండి," అన్నాడు శీనయ్య సంతోషంగా.

ఆ రోజు వచ్చినవాళ్ళంతా పొద్దున్నే ఎక్కేసి ఎండ ముదరకముందే దిగాలని తొందరలో ఉన్నారు. కర్రలు లేకుండా పోదామన్నారు. ప్రసాద్ గారు ఒప్పుకోలేదు. సబ్బు నీళ్ళు తెప్పించి, కర్రలన్నీ ముక్కలుగా విప్పించి, కడిగించి, ఎండలో పరిచారు. ఒకాయన "మా టైమంతా పాడు చేస్తున్నారు" అని కేకలేశాడు. "చేస్తాను. ఇష్టం లేనివాళ్ళు వ్యాన్లో కూర్చోండి," అన్నారు ప్రసాద్ గారు. ఎండ ముదిరింది. ఆ రోజు శిఖరం దాకా పోనే లేదు, సగంలో వెనక్కి తిప్పారు. ఆ తరవాత చాలామంది మా దగ్గరికి మళ్ళీ రాలేదు. ఆయన ఆ సంగతి ఎప్పుడూ తలుచుకోలేదు.

అడ్డం నిలబడడం ఉద్యోగంలో భాగమని నాకు ఆ రోజు తెలిసింది. కర్రలకి నూనె వద్దు, గ్రీజు వద్దు. ఇంటికి పోగానే విప్పి, పొడిగుడ్డతో దుమ్ము తుడిచి, ఆరబెట్టండి. చాలు.

పట్టుకోవడం

ఇప్పుడు కోటయ్య గారి దగ్గరికి వస్తాను. వ్యాను దిగిన వాళ్ళలో ఆయన, భార్య సామ్రాజ్యం గారు, కూతురు లక్ష్మి, అల్లుడు, ఏడాది నిండిన మనవడు, క్షురకుడు ఉన్నారు. వాళ్ళతోపాటు అల్లుడి తండ్రి వీరాస్వామి గారు. పిడుగురాళ్ల వైపు పత్తి రైతు. నోరు పెద్దది, మనిషి సరదా.

నేను కోటయ్య గారి ముందు రెండు కర్రలు పెట్టాను. వీరాస్వామి గారు చూడనే చూశారు.

"ఏం బావగారూ, గొర్రెలు కాయడానికి బయల్దేరారా? రెండు చేతులా రెండు కర్రలు?"

"నాకెందుకండీ ఇవి," అని కోటయ్య గారు వెంటనే చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "అమ్మాయ్, ఎవరైనా ముసలాళ్ళుంటే వాళ్ళకివ్వు."

మా వైపు కర్ర పట్టుకోవడం అంటే వయసైపోయిందని ఒప్పుకోవడం. అదీ వియ్యంకుడి ఎదుట! పైగా ఆడపిల్ల తండ్రి. ప్రాణం పోయినా పట్టుకోడు. ఇది మీకు ప్రతి వారం ఎదురవుతుంది. ఇట్లాంటప్పుడు ఉపన్యాసం ఇవ్వకండి. పదిమందిలో మోకాలి సంగతి అసలు ఎత్తకండి.

నేను ఆ కర్రలు సామ్రాజ్యం గారికి ఇచ్చి, ఆయన వినేటట్టు నేర్పాను. చదును నేల మీద నిలబడి, మొన కాలి పక్కన పెడితే మోచెయ్యి సరిగ్గా మూలమట్టంలా వంగాలి. అదీ మీ పొడుగు. ఎక్కేటప్పుడు కొంచెం తగ్గించాలి, దిగేటప్పుడు కొంచెం పెంచాలి. గొట్టం మీద ఆగమని గీత ఉంటుంది, దాన్ని దాటి లాగకూడదు. పట్టీలోకి చెయ్యి పైనుంచి కాదు, కింది నుంచి పెట్టాలి. పైకి తెచ్చి, పట్టీని పిడినీ కలిపి పట్టుకోవాలి. అప్పుడు బరువు మణికట్టు మీద పడుతుంది, వేళ్ళు నొప్పి పుట్టవు. పెద్ద బండరాళ్ళ సందుల్లోంచి పోయేటప్పుడు మాత్రం పట్టీలోంచి చెయ్యి తీసెయ్యాలి. కర్ర ఇరుక్కుంటే మనిషిని కూడా లాగుతుంది.

సామ్రాజ్యం గారు నాలుగు అడుగులు వేశారు. కుడిచెయ్యి టక్కు టక్కుమని ఆడుతోంది, ఎడమ చేతి కర్ర ఊరికే నేల మీద ఈడుస్తోంది.

"మందు కొట్టేవారా మీరు?" అని అడిగాను.

"మీకెట్లా తెలుసు?"

తెలియకేం. వీపున ట్యాంకు మోసినవాళ్ళకి ఒక చెయ్యి పంపు ఆడిస్తుంది, ఇంకో చెయ్యి గొట్టం పట్టుకుని ఊరుకుంటుంది. ఏళ్ళ తరబడి అలవాటైన చేతులు. మన దగ్గరికి వచ్చే రైతుల్లో ఎక్కువమంది ఇట్లాగే నడుస్తారు. వాళ్ళకి "కుడికాలు, ఎడమకర్ర" అని చెబితే తల తిరుగుతుంది. కర్రలు ఎత్తి పట్టుకుని మామూలుగా చేతులూపుతూ నడవమనండి. చేతులు వాటంతట అవే కుదురుతాయి. అప్పుడు మెల్లిగా కర్రలు నేలకి దించమనండి. సామ్రాజ్యం గారికి వెంటనే వచ్చేసింది.

కోటయ్య గారు పక్కకి తిరిగి నిలబడ్డారు. కాని ఆయన చేతులు ఊగాయి. అది నేను చూశాను.

ఎక్కడం

ఎక్కేటప్పుడు నేను పట్టుబట్టలేదు. మీరూ అక్కడ అరిచి ఓపిక అయిపోగొట్టుకోకండి. ఎక్కడంలో ఊపిరి పోతుంది, దిగడంలో మోకాళ్ళు పోతాయి. పోట్లాట దిగడానికి దాచుకోవాలి.

ఒక్కటి మాత్రం ఒప్పించాను. బండల దారిలో పిల్లాణ్ణి తల్లి వీపున గుడ్డతో కట్టుకోవాలి, గుడి ముందు మెట్ల దగ్గర తాతకి ఇవ్వాలి. కోటయ్య గారు సరేనన్నారు. కాని మెట్లు ఇంకా చాలా దూరం ఉండగానే చేతులు చాపారు.

"ఇటివ్వమ్మా లక్ష్మీ. మేనమామ లేని పిల్లాడని ఎవరూ అనుకోకూడదు. నేను మోస్తా."

"నాన్నా, మెట్ల దగ్గర కదా అనుకున్నాం?"

"మెట్ల దగ్గర ఎవడైనా మోస్తాడు."

ఎత్తుకున్నారు. పిల్లాడు తాత చెవులు పట్టుకుని లాగుతున్నాడు. ఆయన నవ్వుతున్నారు. కాని ప్రతి రాయి దగ్గరా కుడికాలే ముందు వేస్తున్నారు, ఎడమ కాలుని ఈడ్చి దాని పక్కన చేరుస్తున్నారు. వెనకున్న వీరాస్వామి గారు కూడా ఆ కాళ్ళే చూస్తున్నారు. ఆయన ఆ తరవాత ఒక్క జోకు కూడా వెయ్యలేదు. నేను కోటయ్య గారికి ఒక అడుగు వెనకాలే, పిల్లాడు జారితే అందుకునేంత దగ్గరగా నడిచాను.

ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం, జుట్టు తీయించడం, అంతా బాగా జరిగింది. పిల్లాడు కొండ అదిరేటట్టు ఏడ్చాడు. తాత లేవబోయి మళ్ళీ కూర్చుండిపోయారు. పంచె అంచు పక్కకి తొలిగితే మోకాలు కనబడింది. కొబ్బరికాయంత అయింది.

దిగడం

అందరూ దిగడానికి సిద్ధమయ్యారు. కోటయ్య గారు "మీరు పొండి. నేను కాసేపు గాలి పీల్చుకుని వస్తాను," అన్నారు.

ఈ మాట వినగానే మీరు జాగ్రత్తపడాలి. గాలి పీల్చుకుంటానన్న మనిషి ఎవరూ చూడకుండా దిగుదామనుకుంటున్నాడని అర్థం. ఎవరూ చూడకుండా దిగడం అంటే ఎవరూ చూడకుండా పడడమే. నాతో వచ్చిన ఇంకో గైడు రమేష్‌ని మిగతావాళ్ళతో పంపించాను. లక్ష్మి వెనక్కి వెనక్కి చూస్తూ దిగింది. నేను సంచికి కట్టి తెచ్చిన ఇంకో జత కర్రలు తీసుకుని వెళ్ళి కోటయ్య గారికి ఎదురుగా, దారికి అడ్డంగా కూర్చున్నాను.

"నువ్వు పోవామ్మా?"

"మీరు కర్రలు తీసుకుంటేనే లేస్తాను."

"మగాణ్ణి. నాకు కర్రలేంటి?"

"మగాడి మోకాలే వాచింది కోటయ్య గారూ. ఆడదాని మోకాలు అక్కడ మీ ముందే దిగిపోయింది, కర్రలేసుకుంటూ."

"నోరెక్కువే నీకు."

"ఎక్కువే. రాత్రి దాకా కూర్చుంటా కావాలంటే. మీ కూతురికి మాటిచ్చాను."

"ఏమని?"

"కోతకి మిమ్మల్ని చేలో నిలబెడతానని."

నిజానికి ఆ మాట నేను ఇవ్వలేదు. అప్పుడే ఇచ్చాను. ఆయన కొండ కిందికి చూశారు. అక్కడి నుంచి వాళ్ళ ఊరు కనబడదు. అయినా అటే చూశారు.

"కనుచూపు మేరలో మనవాళ్ళెవరూ లేరుగా?"

"లేరు."

"అయితే ఇటివ్వు."

దిగడానికి కర్రలు పొడుగు పెంచాను. బండ ఎండి పొడిగా ఉంది కాబట్టి మొనలకి రబ్బరు తొడుగులు వేశాను. మట్టి దారిలో అయితే తొడుగు తీసి ఇనప మొనే వాడాలి. వరస చెప్పాను. ముందు రెండు కర్రలు కింది రాయి మీద. తరవాత నొప్పి కాలు. తరవాత మంచి కాలు. గైడు ఎప్పుడూ మనిషికి దిగువనే ఉండాలి, పైన కాదు. నేను వెనక్కి నడుస్తూ ఆయన కాళ్ళు చూస్తూ దిగాను.

బాగా దిగుతున్నారు. "ఇవేవో బాగానే ఉన్నాయే," అని కూడా అన్నారు. కొండ మధ్యలో ఒక నున్నటి బండ ఉంది. ఏటవాలు. ఈ దారికంతటికీ అదే కష్టం. సరిగ్గా దాని మీద ఉండగా కింది నుంచి గొంతు వినబడింది.

"బావగారూ! మజ్జిగ తెచ్చానండోయ్!"

వీరాస్వామి గారు. సీసా పట్టుకుని వెనక్కి ఎక్కి వస్తున్నారు.

అప్పుడు కోటయ్య గారు చేసిన పని మా వైపు మనిషి తప్ప ఇంకెవరూ చెయ్యరు. అంత ఏటవాలు బండ మీద, వాచిన మోకాలితో, రెండు కర్రలూ నేల మీంచి ఎత్తేసి వీపు వెనక దాచుకోబోయారు.

కాలు జారింది. ఎడమ మోకాలు మడతపడబోయింది. నేను భుజం ఆయన తొడకి ఆనించి తోశాను. అదొక్కటే అయితే ఇద్దరం పోయేవాళ్ళం. కుడిచేతి పట్టీ సరిగ్గా వేసి ఉంది కాబట్టి కర్ర చేతిలోంచి పోలేదు. రబ్బరు తొడుగుతో సహా మొన బండ పగులులో ఇరుక్కుంది. ఆయన ఆ కర్రకి వేళ్ళాడి, మెల్లిగా కూర్చుండిపోయారు.

"కదలకండి బావగారూ!" అని వీరాస్వామి గారు అరిచారు. సీసా పారేసి చేతులూ కాళ్ళూ వాడుతూ పైకి వచ్చారు. ఒగరుస్తూ పక్కన కూలబడ్డారు.

"మీకేమైనా మతి పోయిందా?" అన్నారు ఆయన. "నాకోసమా దాచారు? పొద్దున్న ఎక్కేటప్పటి నుంచి మీ కాలే చూస్తున్నా. అందుకే కదా వెనక్కి వచ్చింది. మజ్జిగ ఎవడిక్కావాలి?"

"మరి గొర్రెలన్నారు?"

"అన్నాను. రేపు ఇంకోటంటాను. వియ్యంకుణ్ణి, అనకపోతే నిద్రపడుతుందా నాకు? దానికని కాలు విరగ్గొట్టుకుంటారా?"

కోటయ్య గారు పంచె పైకి లాక్కున్నారు. మోకాలు తడుముకున్నారు. వంచారు, చాపారు. మెలిక పడలేదు. నా వైపు చూసి, "లేపమ్మా," అన్నారు.

లేపాను. పట్టీలోకి చేతులు కింది నుంచి పెట్టుకున్నారు, నేను చెప్పకుండానే. కర్రలు, నొప్పి కాలు, మంచి కాలు. బండ దాటాం. ఈసారి ముందు నేను, మధ్యలో ఆయన, వెనక వీరాస్వామి గారు. మెట్టులా దిగాల్సిన చోటు ఇంకోటి వచ్చేసరికి వెనక నుంచి వినబడింది.

"బావగారూ, నాకూ పిక్కలు పట్టేశాయి. ఒకటి ఇటివ్వండి."

కోటయ్య గారు వెనక్కి తిరగలేదు. "ఒకటిస్తే రెండోది పనిచెయ్యదు. మీవి మీరు కొనుక్కోండి," అన్నారు.

వ్యాను దాకా తన కాళ్ళ మీదే వచ్చారు. లక్ష్మి ఆ చేతుల్లో కర్రలు చూసి నోరు తెరవబోతే నేను సైగ చేశాను. ఆమె తెలివైన పిల్ల, ఊరుకుంది.

కోతలు అయ్యాక ఫోన్ చేసి చెప్పింది. ఆపరేషన్ లేకుండానే గడిచిందట. కర్రలకి వెడల్పు బిళ్ళలు తగిలించుకుని ఆయన మిరప చేలో రోజూ గట్టు చివరిదాకా తిరిగారట. మొదటి రోజు కూలీలు నవ్వారట. ఆయన వాళ్ళతో ఏమన్నారో లక్ష్మికి చెప్పలేదు. రెండో రోజు మాత్రం ఎవరూ నవ్వలేదట.